ప్రశ్నకూ జవాబుకూ నడుమ: 'విక్రమ్ ఔర్ బేతాళ్' ధారావాహికను పిల్లలతో చూడడం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1985-86లో దూరదర్శన్ జాతీయ ప్రసారంలో వచ్చిన 'విక్రమ్ ఔర్ బేతాళ్' హిందీ ధారావాహిక ఇప్పుడు అంతర్జాలంలో సులభంగా దొరుకుతుంది. నాడు దాన్ని చూసిన పిల్లలు నేడు తల్లిదండ్రులై తమ పిల్లలకు చూపుతున్నారు. ఈ వ్యాసం ఆ ధారావాహికను బేతాళ కథాచక్రపు దీర్ఘ చరిత్రలో భాగంగా పరిశీలిస్తుంది. బేతాళుని ప్రశ్నకూ రాజు జవాబుకూ నడుమ ఉండే విరామమే ఈ కథలకు ఆయువుపట్టు అనీ, కావ్యం, పత్రిక, దూరదర్శన్, అంతర్జాలం ఆ విరామాన్ని వేర్వేరుగా మలచాయనీ, తెలుగు పిల్లల విషయంలో ఆ విరామాన్ని నింపినవారు ఇంటిపెద్దలేననీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలకపదాలు: బేతాళ కథలు, కథాసరిత్సాగరం, చందమామ, దూరదర్శన్, కథాశ్రవణం, బాలసాహిత్యం

ఉపోద్ఘాతం

తెలుగులో బాలసాహిత్యం గురించి రాసిన వ్యాసాల్లో ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. టీవీ వచ్చింది, అమ్మమ్మ కథ పోయింది అన్నది దాని సారాంశం. ఈ మాటకు ఆధారాలు అడిగినవారు తక్కువ. టీవీ అన్న ఒక్క పదం కింద వార్తలను, క్రికెట్టును, చిత్రలహరిని, కథా ధారావాహికలను కలిపివేయడం వల్ల ఈ నిర్ధారణ సులువైంది. ఏ కార్యక్రమం, ఏ భాషలో, ఇంట్లో ఎవరి నడుమ కూర్చుని పిల్లలు చూశారన్న వివరాల్లోకి దిగితే విషయం ఇంత సూటిగా ఉండదు.

అందుకు మంచి ఉదాహరణ 'విక్రమ్ ఔర్ బేతాళ్'. రామానంద్ సాగర్ నిర్మాణంలో వచ్చిన ఈ ధారావాహికలో విక్రమాదిత్యునిగా అరుణ్ గోవిల్, బేతాళునిగా సజ్జన్ నటించారు. ఇరవై ఆరు భాగాలు. బొమ్మల చిత్రం కాదు. మనుషులే వేషాలు కట్టి నటించిన అద్భుత కథలు. పరిమితమైన సెట్లు, కెమెరా మాయతో చేసిన ఎగురుళ్ళు, నెరిసిన పొడవాటి జుట్టుతో రాజు వీపుమీద కూర్చుని నవ్వే బేతాళుడు. నేటి కంటికి అదంతా నాసిగా కనిపించవచ్చు. అయినా ఈ ధారావాహికను పిల్లలకు చూపాలనే కోరిక ఒక తరంలో బలంగా ఉంది. ఆ కోరికను గతం మీది బెంగగా తీసిపారేయడం తొందరపాటు. ఇందులో పంచుకోదగినది ఏమిటి, ఎట్లా పంచుకోవాలి అన్నవి చరిత్ర సాయంతో అడగవలసిన ప్రశ్నలు.

పెద్దల కథ పిల్లల చేతికి వచ్చిన తీరు

బేతాళ కథలు మొదట పిల్లల కోసం పుట్టలేదు. మనకు దొరుకుతున్న ప్రసిద్ధ రూపాల్లో ఒకటి 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రచించిన 'కథాసరిత్సాగరం'లోని శశాంకవతీ లంబకంలో ఉంది. సోమదేవుడు ఆ మహాగ్రంథాన్ని అనంతరాజు భార్య సూర్యమతి మనోవినోదం కోసం రచించాడు. అంటే శ్రోత ఒక రాణి. రాజకీయాల నడుమ నలిగిన ప్రౌఢ స్త్రీ. కథలలోని శృంగారం, మోసం, హత్య, శ్మశానం అన్నీ ఆ శ్రోతకు తగినవే.

సోమదేవుని రాజు పేరు త్రివిక్రమసేనుడు. అతని రాజధాని గోదావరీ తీరంలోని ప్రతిష్ఠానం. నేటి మహారాష్ట్రలోని పైఠణ్ అదే. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ సభకు వచ్చి ఒక పండు ఇచ్చి వెళ్తుంటాడు. ఒకనాడు ఒక కోతి ఆ పండును కొరికితే లోపల రత్నం బయటపడుతుంది. కారణం అడిగిన రాజును అతడు రాత్రివేళ శ్మశానానికి రమ్మని, శింశుపా వృక్షానికి వేలాడుతున్న శవాన్ని తెచ్చి ఇమ్మని కోరతాడు. తరువాతి కథ అందరికీ తెలిసిందే. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెపితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది.

గోదావరి పేరు, ప్రతిష్ఠానం పేరు వినగానే తెలుగు పరిశోధకులకు శాతవాహనులూ, గుణాఢ్యుని 'బృహత్కథ' గుర్తుకు రావడం సహజం. కథాసరిత్సాగరానికి మూలం పైశాచీ భాషలోని బృహత్కథ అని సోమదేవుడే చెప్పుకున్నాడు. అయితే బేతాళ కథలు గుణాఢ్యుని మూలంలోనే ఉన్నాయని చెప్పడానికి ఆధారం బలహీనం. బృహత్కథకు మరొక శాఖ అయిన బుధస్వామి 'బృహత్కథాశ్లోకసంగ్రహం'లో ఇవి కనబడవు. క్షేమేంద్రుడు, సోమదేవుడు ప్రతినిధులైన కాశ్మీర శాఖలోనే ఉన్నాయి. శివదాసు, జంభలదత్తుల పేర విడిగా ఉన్న సంస్కృత పాఠాలు ఈ కథాచక్రం స్వతంత్రంగా తిరిగిందనే అనుమానాన్ని బలపరుస్తాయి. కాబట్టి వీటిని మన సొత్తుగా చెప్పుకునే ఉత్సాహాన్ని కాస్త అదుపులో ఉంచుకోవడం మంచిది.

తెలుగులో విక్రమార్కుని కథలకు కావ్య గౌరవం 15వ శతాబ్దంలో దక్కింది. జక్కన 'విక్రమార్క చరిత్ర', కొఱవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక' అందుకు సాక్ష్యం. ఇవి కూడా పండితుల, ప్రభువుల ఆదరణలో వెలసిన రచనలే. ఉత్తరాదిలో 19వ శతాబ్దారంభంలో ఫోర్ట్ విలియం కళాశాల 'బైతాల్ పచ్చీసీ'ని వెలువరించింది. కంపెనీ ఉద్యోగులకు హిందుస్తానీ నేర్పడం దాని ఉద్దేశం. 1870లో రిచర్డ్ బర్టన్ ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు కూడా పాఠకులు పెద్దవారే. రాణి వినోదం నుండి దొరల భాషాపాఠం దాకా ఈ కథలు చేసిన ప్రయాణంలో బాలుడు ఎక్కడా ప్రధాన శ్రోత కాడు.

ఆ స్థానం అతనికి ఇచ్చింది ప్రధానంగా 20వ శతాబ్దపు పత్రిక. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన 'చందమామ'లో బేతాళ కథ స్థిరమైన శీర్షికగా కుదురుకుంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో మరణించేవరకు ఆ పత్రికను తీర్చిదిద్దారు. పాతిక కథలు అయిపోయాక శీర్షిక ఆగలేదు. కొత్త కథలు అల్లించి అదే చట్రంలో అమర్చారు. సోమదేవుని కథల్లోని శృంగారం తగ్గింది, న్యాయవిచారణ పెరిగింది. రాజు ఎందుకు ఈ శ్రమ పడుతున్నాడో బేతాళుడు ప్రతిసారీ మొదట్లోనే ఎత్తిపొడవడం, చివర శవంతో సహా మాయమవడం ఒక సంప్రదాయమైంది. చిత్రకారుడు శంకర్ గీసిన బొమ్మ, అంటే ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ పుర్రెలు, తెలుగు పిల్లవాడి మనసులో విక్రమార్కునికి శాశ్వత రూపమిచ్చింది. 'పట్టువదలని విక్రమార్కుడు' అన్న మాట ఈనాడు బేతాళ కథ ఒక్కటీ చదవనివారి నోట కూడా వినబడుతుంది.

కథకుడు తెరమీద ఉన్నప్పుడు

1980లలో వేర్వేరు దేశాల్లో, పరస్పర సంబంధం లేకుండా, నటులతో అద్భుత కథలను టీవీకి తెచ్చిన మూడు ప్రయత్నాలు దాదాపు ఒకే కాలంలో జరిగాయి. అమెరికాలో షెల్లీ డువాల్ 'ఫెయిరీ టేల్ థియేటర్' 1982లో షోటైమ్ అనే చందా కేబుల్ చానెల్‌లో మొదలై 1987 దాకా నడిచింది. ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా, టిమ్ బర్టన్ వంటి దర్శకులు దానిలో ఒక్కొక్క కథ తీశారు. జిమ్ హెన్సన్ 'ది స్టోరీ టెల్లర్' 1987లో ఆరంభమైంది, తొమ్మిది కథలు, నటులతో పాటు కీలుబొమ్మలూ ఉన్నాయి. మూడవది మన 'విక్రమ్ ఔర్ బేతాళ్'.

ఈ మూడింటిలోనూ కథకుడు తెరమీద కనిపిస్తాడు. సినిమా కథకుణ్ణి దాచివేయగలదు. ఇంట్లో, పిల్లల ఎదుట, చిన్న తెరమీద వచ్చే కథకు మాత్రం చెప్పేవారొకరు ఉండాలని ముగ్గురు నిర్మాతలకూ తోచింది. డువాల్ ప్రతి కథకూ ముందు తానే వచ్చి నాలుగు మాటలు చెప్పి తప్పుకుంటుంది. హెన్సన్ ధారావాహికలో జాన్ హర్ట్ పొయ్యి పక్కన కూర్చుని చెబుతుంటే అతని కుక్క మధ్యమధ్య అడ్డు తగిలి సందేహాలు వెలిబుచ్చుతుంది. ఆ కుక్క స్థానం నిజానికి పిల్లవాడి స్థానం.

మనకు ఈ అమరిక కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'లో మణిసిద్ధుడు యాత్ర సాగిస్తుంటే వెంట నడిచే గోపకుమారుడు ప్రతి మజిలీలో ఏదో వింత చూసి దాని సంగతి ఏమిటని అడుగుతాడు. పిల్లవాడు అడుగుతాడు, పెద్దవాడు చెబుతాడు. బేతాళ కథలో ఈ వరుస తలకిందులైంది. ఇక్కడ చెప్పేవాడే అడుగుతాడు. విన్నవాడు తీర్పు చెప్పాలి. అందులోనూ, మాట్లాడితే పని చెడుతుంది, మాట్లాడకపోతే ప్రాణం పోతుంది. శ్రోతను ఇంతగా ఇరుకున పెట్టిన కథాచట్రం మన సాహిత్యంలో అరుదు. డువాల్ చిరునవ్వుతో తప్పుకుంటుంది. బేతాళుడు మెడ వదలడు.

అందుకే ఈ కథాచక్రాన్ని మాధ్యమాల వారీగా పోల్చేటప్పుడు కథావస్తువు కన్నా ముందు చూడవలసింది ఆ ప్రశ్న దగ్గర ఏం జరుగుతుందన్నది. నోటితో చెప్పే కథలో చెప్పేవారు అక్కడ ఆగుతారు. వినేవారి ముఖం చూస్తారు. చందమామలో ప్రశ్న ఒక పేరాలో, రాజు జవాబు ఆ తరువాతి పేరాలో ఉంటుంది. జవాబు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అరచేత్తో కింది పేరా మూసి ముందు తానే ఆలోచించిన పాఠకులు మన తరగతి గదుల్లో ఇప్పటికీ దొరుకుతారు. పుస్తకం ఆగమంటే ఆగుతుంది. ప్రసారం ఆగదు. దూరదర్శన్ తెరమీద బేతాళుడు ప్రశ్న వేసిన కొన్ని క్షణాలకే విక్రముడు నోరు విప్పుతాడు, బేతాళుడు నవ్వుతూ ఎగిరిపోతాడు. చూసే పిల్లవాడికి ఆలోచించే వ్యవధి ఏదీ?

హిందీ రాని ఇళ్ళు

ఈ ప్రశ్నకు సమాధానం ప్రసార చరిత్రలో ఉంది. దూరదర్శన్ 1959లో ఢిల్లీలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామాలు టీవీని మొదట చూసింది 1975-76 నాటి ఉపగ్రహ బోధనా ప్రయోగంలో. ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉమ్మడి టీవీలు ఇచ్చి, బడిపిల్లల కార్యక్రమాలను, వ్యవసాయ పాఠాలను తెలుగు సహా ఆయా ప్రాంతాల భాషల్లో అందించిన ప్రయోగమది. 1977లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 1982 ఆగస్టు 15న రంగుల ప్రసారంతో పాటు జాతీయ కార్యక్రమం మొదలైంది. 1984 నాటికి దేశమంతటా చిన్న ప్రసార కేంద్రాలు వేగంగా నెలకొన్నాయి. తెలుగులో పిల్లల పాఠంగా మొదలైన టీవీ, పదేళ్ళు తిరిగేసరికి హిందీలో పిల్లల కథగా ఇంటికి వచ్చిందన్నమాట. ఈ మార్పును మన మాధ్యమ చరిత్రలు తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

'విక్రమ్ ఔర్ బేతాళ్' వచ్చేనాటికి తెలుగు మాధ్యమ పాఠశాలల్లో హిందీ ఆరవ తరగతిలో మొదలయ్యే రెండవ భాష. అంటే ఈ ధారావాహికకు అసలు ప్రేక్షకులైన పదేళ్ళ లోపు పిల్లలకు హిందీ పాఠం ఇంకా మొదలు కాలేదు. ఉర్దూ, దక్కనీ వినికిడి ఉన్న హైదరాబాదు, తెలంగాణ పట్టణాల పిల్లల సంగతి కొంత వేరు. కోస్తా, రాయలసీమల్లోని పల్లెపిల్లలకు ఆ మాటలు దాదాపు శబ్దమే. ఆ పిల్లలకు కథ ఎట్లా అందింది?

రెండు దారులు ఉండి ఉంటాయి. ఒకటి, చందమామ ద్వారా కథాచట్రం ముందే తెలిసి ఉండడం. రాజు, చెట్టు, శవం, ప్రశ్న, మౌనభంగం అన్న క్రమం తెలిసినవారికి భాష తెలియకపోయినా కథ ఎక్కడుందో తెలుస్తుంది. రెండవది, పక్కన కూర్చున్నవారు చెప్పడం. హిందీ కొంచెం వచ్చిన తండ్రో, హైస్కూలు చదివే అక్కో, దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన పిన్నో మాట మాటకూ తెలుగు చెప్పవలసి వచ్చేది. తెరమీద బేతాళుడు, పక్కన మరొక కథకుడు. భాష అడ్డుపడడం వల్ల పెద్దవారికి మౌనంగా ఉండే వీలు లేకపోయింది. ఇది కూడా ఒక రకం మౌనభంగమే. టీవీ అమ్మమ్మ నోరు మూయించిందన్న మాటను ఈ సందర్భంలోనైనా తిరగరాయాలి. కొన్ని ఇళ్ళలో అది ఆమెను, కనీసం అక్కను, కథకురాలిగా మార్చింది. ఈ అనుభవం మీద వ్రాతపూర్వక ఆధారాలు తక్కువ. నాటి పిల్లలు ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్నారు. వారి జ్ఞాపకాలను క్రమబద్ధంగా సేకరిస్తే ఒక మంచి పరిశోధన గ్రంథానికి సరిపడే సామగ్రి లభిస్తుంది. ఆలస్యం చేస్తే దొరకదు.

రాజు ముఖం

నాటి పిల్లలు చూసినదానికీ, నేడు వారు తమ పిల్లలకు చూపుతున్నదానికీ నడుమ ఒక పెద్ద సంఘటన ఉంది. 1987 జనవరి 25న 'రామాయణ్' ప్రసారం మొదలైంది. నిర్మాత అదే రామానంద్ సాగర్. అరుణ్ గోవిల్ రాముడు, దీపికా చిఖలియా సీత, సునీల్ లహరి లక్ష్మణుడు, అరవింద్ త్రివేది రావణుడు అయ్యారు. వీరంతా అంతకు ముందు 'విక్రమ్ ఔర్ బేతాళ్'లో వేర్వేరు కథల్లో వేర్వేరు వేషాలు వేసినవారే. ఒక విధంగా ఆ బేతాళ కథలు రామాయణానికి తాలీముగా పనికివచ్చాయి.

1985లో చూసిన పిల్లవాడికి విక్రముని ముఖం ఒక కొత్త నటుడి ముఖం. నేడు అదే చిత్రాన్ని యూట్యూబులో తెరిచిన తల్లిదండ్రులకు అది రాముని ముఖం. రాముని ముఖంతో పలికిన తీర్పుకు ఎదురుచెప్పడం కష్టం. బేతాళ కథలో రాజు జవాబు నిజానికి వాదంలో ఒక పక్షం మాత్రమే. బేతాళుడు ఆ జవాబును మెచ్చుకుంటాడో లేదో చాలాసార్లు చెప్పడు. మౌనం చెడింది కాబట్టి వెళ్ళిపోతాడు, అంతే. 'రామాయణ్' తరువాతి చూపులో ఆ జవాబు ధర్మనిర్ణయంగా గడ్డకట్టింది. పిల్లలకు చూపేటప్పుడు పెద్దలు తెలియకుండానే ఈ బరువును వారిమీద పెడుతున్నారు. పిల్లలకు ఏ ముఖమూ తెలియదు. వారి చూపు 1985 నాటి చూపుకే దగ్గర. ఈ విషయంలో వారే మనకన్నా మంచి ప్రేక్షకులు.

మందారవతిని ఎవరూ అడగలేదు

ఈ మాటను ఒక కథతో పరీక్షించవచ్చు. ధారావాహికలో ఏ కథ ఎంత మార్చారన్న తులన వేరే వ్యాసానికి తగిన పని; ఇక్కడ సోమదేవుని పాఠాన్నే తీసుకుంటున్నాను. మందారవతి అనే బ్రాహ్మణ కన్యను ముగ్గురు యువకులు కోరతారు. పెళ్ళి కాకముందే ఆమె జ్వరంతో మరణిస్తుంది. ఒకడు ఆమె బూడిదను పరచుకుని శ్మశానంలోనే ఉండిపోతాడు. ఒకడు అస్థికలను గంగకు తీసుకువెళతాడు. మూడవవాడు సన్న్యాసియై తిరుగుతూ ఒక ఇంట భోజనానికి వెళితే, ఏడుస్తున్న పసివాడిని ఇంటి ఇల్లాలు కోపంతో నిప్పులో పడవేస్తుంది; ఇంటి యజమాని మంత్రంతో ఆ బిడ్డను తిరిగి బతికిస్తాడు. ఆ మంత్రమున్న పుస్తకాన్ని మూడవవాడు రాత్రివేళ దొంగిలించి తెచ్చి మందారవతిని బతికిస్తాడు. ముగ్గురూ ఆమె నాదంటే నాదని తగవుపడతారు. ఆమె ఎవరికి భార్య?

రాజు జవాబు ప్రసిద్ధం. ప్రాణమిచ్చినవాడు తండ్రి వంటివాడు, అస్థికలు మోసినవాడు కొడుకు వంటివాడు, బూడిదను విడవకుండా పడుకున్నవాడే భర్త. తర్కం చక్కగా ఉంది. చిన్నప్పుడు చదివి నేనూ మెచ్చుకున్నాను. ఈ కథను మా అక్క కూతురికి, దానికి ఎనిమిదేళ్ళు, చెప్పి ప్రశ్న దగ్గర ఆగాను. అది వేసిన మొదటి ప్రశ్న నిప్పులో పడిన బిడ్డ గురించి. వాళ్ళమ్మను ఎవరూ ఏమీ అనలేదా అని. రెండవది, అమ్మాయి లేచి కూర్చుంది కదా, ఆమెనే అడగవచ్చు కదా అని.

వెయ్యేళ్ళ వ్యాఖ్యాన సంప్రదాయంలో ఈ రెండు ప్రశ్నలకూ చోటు దొరకలేదు. సోమదేవుడు మందారవతిని బతికించాడు గాని మాట్లాడించలేదు. రాజు ముగ్గురు పురుషుల పనులను తూచాడు; ఆమె ఇష్టం ఆ తూకంలో లేదు. నేటి పరిశోధకులు స్త్రీవాద దృష్టితో ఈ కథను ఇట్లా విమర్శించగలరు; ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ఆగి వినేవారుంటే అదే చోటికి వస్తుంది. ఆగనిస్తేనే వస్తుంది.

వీరవరుని కథ ఇంకా ఇబ్బందికరం. శూద్రకరాజు దగ్గర కొలువు చేసే వీరవరుడు, రాజుకు రానున్న చావును తప్పించడానికి దేవికి తన కొడుకును బలి ఇస్తాడు. అది చూసి కూతురు గుండె పగిలి చనిపోతుంది, భార్య చితిలో దూకుతుంది, వీరవరుడు తల నరుక్కుంటాడు. చాటునుండి చూసిన రాజు తానూ ప్రాణం తీసుకోబోగా దేవి అందరినీ బతికిస్తుంది. వీరిలో గొప్ప ఎవరిది? రాజు కోసం చావడం సేవకుని ధర్మం, సేవకుని కోసం చావబోయిన రాజే గొప్పవాడని జవాబు. ఈ జవాబు ఒక కాలపు కొలువు నీతి. దీన్ని ఏ వివరణా లేకుండా పిల్లల ముందు పెట్టడం నాకు సమ్మతం కాదు. అట్లాగని కథను దాచడమూ సరైన పని కాదు. చందమామ తరహా సంస్కరణ ఇటువంటి మొనలను చాలావరకు అరగదీసింది; దాని వల్ల కథలు పిల్లలకు సురక్షితమయ్యాయి గాని వాదానికి మిగిలింది తగ్గింది. పుస్తకంలో ఒక వాక్యంతో దాటవేయగల బలిని తెర దాటవేయలేదు: చూపాలి, లేదా పూర్తిగా తీసివేయాలి. నటులతో తీసిన అద్భుత కథలకు ఉన్న ఈ చిక్కు బొమ్మల చిత్రాలకు ఇంతగా లేదు. మనిషి కొడుకు మెడ మీద కత్తి పెట్టినప్పుడు పిల్లవాడు తన తండ్రి వంక చూస్తాడు. అప్పుడు తండ్రి అక్కడ ఉండాలి.

ఆపగలిగే తెర

నేడు ఈ ధారావాహికను చూపే తెరకు 1985 నాటి తెరకు లేని ఒక గుణం ఉంది. ఆపవచ్చు. ప్రసారం పోగొట్టిన విరామాన్ని, అరచేత్తో పేరా మూసిన నాటి పాఠకుని వెసులుబాటును, ఈ సాంకేతికత తిరిగి ఇవ్వగలదు. కాని వాడకం వేరే దిక్కున సాగుతోంది. ఒక భాగం ముగిసీ ముగియకముందే తరువాతిది తనంత తానే మొదలవుతుంది. ఫోను పిల్లవాడి చేతిలో ఉంటుంది, పెద్దవారు వేరే గదిలో ఉంటారు. హిందీ ఇప్పటి పిల్లలకు కార్టూన్ల వల్ల ఎంతో కొంత అలవాటైంది గనుక అక్క తెలుగు చెప్పవలసిన అవసరమూ పోయింది. అమ్మమ్మ కథ ఎప్పుడు ఆగిపోయిందని అడిగేవారు 1985ను కాక ఈ దశను పరిశీలించాలి.

బాలసాహిత్యం బోధించే అధ్యాపకులు తమ విద్యార్థులకు ఇవ్వదగిన పని ఒకటి ఉంది. ఒక భాగాన్ని పిల్లలతో చూసి, బేతాళుని ప్రశ్న దగ్గర ఆపి, పిల్లలు చెప్పిన జవాబులను వారి మాటల్లోనే రాసుకోవడం. ఆ తరువాతే రాజు జవాబు వినాలి. అట్లా పోగైన జవాబులు ఈ కథాచక్రానికి మరొక పాఠాంతరం అవుతాయి.

ఈ పని మొదలుపెట్టడానికి సోమదేవుని చివరి ప్రశ్నాకథ అనువైనది. రాజ్యం పోయి అడవి పట్టిన ఒక రాణి, ఆమె కూతురు. వేటకు వచ్చిన తండ్రీకొడుకులు చండసింహుడు, సింహపరాక్రముడు నేలమీద రెండు జతల అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలామె తల్లి అయి ఉంటుందని, ఆమెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్ళాడాలని ముందే ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే చిన్న పాదాలు తల్లివి. ఇచ్చిన మాట ప్రకారం తండ్రి కూతురినీ, కొడుకు తల్లినీ పెళ్ళాడతారు. ఇద్దరికీ బిడ్డలు కలిగితే వారిలో వారు ఏమవుతారు? రాజుకు జవాబు తెలియదు. తెలియదు కనుక మాట్లాడడు, మాట్లాడలేదు కనుక శవం చెట్టెక్కదు. బేతాళుడు సంతోషించి క్షాంతిశీలుని కుట్ర చెబుతాడు. సాష్టాంగపడమని అడిగినప్పుడు ఎట్లా పడాలో చూపించమని కోరి ఆ భిక్షువు తలే నరికి రాజు బయటపడతాడు. 'పాతాళభైరవి' చూసిన తెలుగువారికి ఈ ఎత్తు పరిచితమే.

ప్రతిష్ఠానపు రాజు ఓడిపోయిన ఆ ప్రశ్నకు తెలుగు వరుసల్లో జవాబు దొరుకుతుంది. ఇద్దరూ మగపిల్లలే అనుకుందాం. కొడుకుకూ రాణికీ పుట్టినవాడు, రాణి కూతురికి తల్లి వైపు తమ్ముడు; కనుక ఆమె బిడ్డకు మేనమామ. తండ్రికీ కూతురికీ పుట్టినవాడు, సింహపరాక్రమునికి తండ్రి వైపు తమ్ముడు. కనుక అతని బిడ్డకు బాబాయి. వాడు వీడికి మామయ్య, వీడు వాడికి బాబాయి, ఒకరికొకరు పెద్దవారే. కాగితం మీద గీతలు గీసుకుంటే పదేళ్ళ పిల్లలు ఈ లెక్క తేల్చగలరు. వారిద్దరిలో ఎవరు ఎవరిని 'మీరు' అనాలన్నది మాత్రం తేలదు.